జొన్న ఎక్కింది, వంకాయ దిగింది

"అమ్మమ్మా, పొద్దున చిన్నమ్మమ్మ ఫోన్ చేసి 'అక్కా, వంకాయ దిగింది, నీళ్ళలోకి పోతన్నాం' అని పెట్టేసింది. వంకాయ దిగడమేంటి?"

ఓలమ్మో, ఇన్నావేటి నువ్వు! ఆ ముక్క ఇంటే నాకిప్పటికీ నవ్వూ వొత్తాది, సిగ్గూ వొత్తాది. ఇలా కూకో. ఏటది, రికార్డు పెట్టావా? పెట్టుకో, పెట్టుకో. మీ తాతకి మాత్రం ఇనిపించకు. ఈ కత పట్టుకుని నన్ను ఏడిపించడమే ఆయనకి రిటైరయ్యాక డ్యూటీ అయిపోయింది.

మీ చిన్నమ్మమ్మ బంగారమ్మ నా సొంత సెల్లి, తెలుసు కదా. మేమిద్దరం భీమిలి అవతల సముద్రం ఒడ్డున పుట్టినోళ్ళం. నన్నేమో రైలు ఉద్యోగం సంబంధమని మీ తాతకిచ్చి ఈ రాయ్‌పూర్ పంపేశారు. దాన్ని పక్క పేటలోనే ఇచ్చారు. నేనొచ్చిన కొత్తలో ఇక్కడ సేపంటే సెరువు సేపే. మా అయ్య ఎండుసేపలు మూటగట్టి రైల్లో తెచ్చేవాడు, పెట్టె పెట్టంతా ముక్కు మూసుకునేవోరు. ఆయన మాత్రం మూట తల కింద పెట్టుకుని హాయిగా నిద్రపోయేవాడు. సరే, ఎక్కడున్నాను? ఆ, బంగారమ్మ.

దాని మొగుడు ఏడాదిలో సగం పైగా గుజరాత్ బోట్ల మీదే. ఇది నెత్తి మీద సేపల తట్ట పెట్టుకుని ఊరూరా తిరిగేది. మెట్ట మీద ఊళ్ళు, అన్నీ ఎత్తే. ముప్పై ఏళ్ళు మోసింది తల్లీ, ముప్పై ఏళ్ళు! మెడ అరిగిపోయింది. సేతులు తిమ్మిరెక్కిపోయి గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. డాక్టరు ఖచ్చితంగా సెప్పేశాడు, ఇంకొక్క రోజు తట్ట ఎత్తినా సెయ్యి పడిపోద్దని. మరి తట్ట ఎత్తకపోతే తిండేటి? అలా ఉంది దాని బతుకు అప్పుడు.

ఆ కరోనా గోల సద్దుమణిగాక ఓపాలి ఫోన్ సేసింది. "అక్కా, సముద్రంలో నాచు పెంచే పని వొచ్చింది, ఆడోళ్ళకే. పదిమందిమి జట్టు కట్టాం. నెత్తి మీద మొయ్యక్కర్లేదే, నీళ్ళలో తేలుతాది, తాడు పట్టుకుని లాక్కోవడమే!" దాని గొంతులో ఆ సంబరం సూడాలి, పెళ్ళినాడు కూడా అలా మాట్లాడలేదు. ఒకటే సిక్కు. నేర్పడానికొచ్చే సారుకి హిందీ తప్ప రాదంట. తెలుగొచ్చిన మేడమ్ కాలు బెణికి మంచం పట్టిందంట. "నువ్వు రా అక్కా, నీకు హిందీ వొచ్చుగా. మొదటి పంట నిలబడకపోతే ఇత్తనం వేరే పేటకి ఇచ్చేత్తారంట, మళ్ళీ మాకు రాదు" అంది.

నాకు రెక్కలొచ్చేశాయి, నిజం సెప్తన్నాను! నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉన్నానా, నా హిందీ అంటే ఏటనుకున్నావు? కూరల బజారులో బేరమాడగలను, రేషన్ కొట్టోడితో దెబ్బలాడగలను, మీ తాత పైఆఫీసరు ఇంటికొత్తే ఛాయ్ ఇచ్చి నాలుగు ముక్కలు సక్కగా మాట్లాడగలను. మా పేటలో ఎవరికొచ్చు సెప్పు? మూడు సీరలు సర్దుకుని రైలెక్కేశాను. పదిహేను రోజుల్లో వొచ్చేత్తానని మీ తాతతో అన్నాను.

ఇక్కడ ఇంకోటుంది, నవ్వకు. నేనెల్లిన మర్నాడు పక్కింటి భాభీ మీ తాతనడిగిందంట, దీదీ ఎక్కడని. ఈయన హిందీ నీకు తెలుసుగా, సగం తెలుగే. "సముందర్ మే నాచు కా కామ్ కర్‌తీ హై" అన్నాడంట. నాచ్ అంటే వాళ్ళకి డాన్సు కదా! కాలనీ అంతా పాకిపోయింది, ఆంధ్రా దీదీ ఈ వయసులో సముద్రం ఒడ్డుకి డాన్సు సెయ్యడానికి ఎల్లిందని. నేను తిరిగొచ్చాక తీజ్ పండగలో నన్ను మధ్యలోకి లాగి, ఆడితే గానీ వొదలమన్నారు. ఆడేశాను, ఏటి సేత్తాను!

సరే ఇనుకో. హిందీ సారు మంచోడే పాపం, ఎక్కడో పైదేశం మనిషి. పొద్దున్నే బస్సు దిగాడు. ఒడ్డున నీడలో తడి గోనెల మీద ఇత్తనం పరిసి ఉంది. ఇత్తనమంటే గింజలు కాదు, నాచు ముక్కలే, ఏలంత లావు కొమ్మలు, ముదురు రంగు, పట్టుకుంటే పటుక్కుమనేలా. వాటిని తాడుకి ముడెయ్యాలి, ఆ తాళ్ళని వెదురు తెప్పకి కట్టాలి. సేపలు కొరక్కుండా తెప్ప కింద వల. ఎరువు లేదు, నీళ్ళు పెట్టేది లేదు, నలభై అయిదు రోజులకి కోతంట. ఐస్‌క్రీములోకీ, పళ్ళు తోముకునే పేస్టులోకీ కూడా ఏత్తారంట దాన్ని, తెలుసా నీకు? నాకూ తెలీదు అప్పటిదాకా.

సారు సెప్పడం, నేను తెలుగులో సెప్పడం. పదిమందీ నా నోరే సూత్తన్నారు. నాకేమో కాళ్ళు భూమ్మీద లేవు! బంగారమ్మ అందరికీ "మా అక్క, మా అక్క" అని సూపించుకుంటంది. అప్పుడు సారు ఏలెత్తి, కళ్ళు పెద్దవి సేసి అన్నాడు, "జ్వార్ భాటా దేఖే బినా మత్ బాంధ్‌నా!"

నువ్వే సెప్పు, రాయ్‌పూర్‌లో పుట్టిన పిల్లవి. జ్వార్ అంటే ఏటి? కొట్లో దొరికేది, జొన్నలు. భాటా అంటే? అభన్‌పూర్ నుంచి బుట్టతో వొచ్చే ఆవిడ మన గుమ్మంలో రోజూ ఏటని అరుత్తాది? "భాటా లే లో దీదీ, భాటా!" వంకాయలు! మరి నేనేటనుకోవాలి? సముద్రం లేని ఊళ్ళో నేర్సుకున్న హిందీ నాది. ఆరంగ్ దగ్గర మహానది ఉంది గానీ దానికి సముద్రంలా ఎక్కే పోటేటి, దిగే పాటేటి? నలభై ఏళ్ళలో ఒక్కరు కూడా నాతో సముద్రం సంగతి హిందీలో మాట్లాడలేదు.

అందుకని సెప్పేశాను. "జొన్నలూ వంకాయలూ సూసుకోకుండా తెప్ప కట్టొద్దంటన్నారు సారు."

అందరూ మొకాలు మొకాలు సూసుకున్నారు. కొండమ్మని ఒకత్తి ఉంది, నోరు ఊరుకోదు. "అదేటప్పా, నాచుకీ వంకాయకీ ఏటి సంబంధం?" అంది. నాకు తెలీదనొచ్చు కదా? అనలేదు. తెలీదనే మాట నా నోటికి రాలేదు. "మొదటిపాలి నీళ్ళలోకి దిగుతన్నాం కదే, గంగమ్మకి పెట్టాల. వాళ్ళ దేశంలో అదీ పద్ధతి" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో!

అంతలో సారు మళ్ళీ అన్నాడు, "భాటే మే పానీ కమ్ హువా, తో సబ్ సూఖ్ జాయేగా." ఇదీ సెప్పాను. "వంకాయల్లో నీళ్ళు తక్కువైతే పంటంతా ఎండిపోద్దంట. పులుసు పల్చగా పెట్టండి!"

నవ్వు, నవ్వు, కడుపారా నవ్వు. నేనే దగ్గరుండి పెట్టాను ఆ పులుసు. సెంబుడు నీళ్ళు ఎక్కువే పోశాను, ఎందుకైనా మంచిదని. జొన్న రొట్టెలు కాల్సాం. ఆకులో పెట్టి, పసుపు కుంకం సల్లి, గంగమ్మకి దణ్ణాలు పెట్టాం. మిగిలింది సారుకి పెడితే, పాపం మా మర్యాద అనుకుని "బహుత్ బఢియా, మాతాజీ" అంటూ రెండుపాల్లు ఏయించుకుని తిన్నాడు. జ్వార్ భాటా సూశారా అని ఎల్లేటప్పుడు అడిగాడు కూడా. మేమందరం గుండెల మీద సెయ్యేసుకుని సూశాం సూశాం అన్నాం!

మధ్యాన్నం నీరు పైకొచ్చింది. సారు నడుంలోతులో నిలబడి ఒక తెప్ప కట్టి సూపించాడు, ముడి ఎలా ఎయ్యాలో, ఇసక మూటలు లంగరుగా ఎలా దింపాలో. బస్సు టైమయిందని, రెండు వారాల్లో వొత్తానని ఎల్లిపోయాడు. మిగతా ఏడు తెప్పలూ మేం కట్టాలి.

అప్పుడు బంగారమ్మ అంది, "అక్కా, ఇది పోటు మీదున్న నీరే. ఇప్పుడు అట్టమి కాబట్టి సరిపోయింది. అమాస వొత్తే పాటుకి ఇక్కడ ఇసక తేలిపోద్ది. ఆ రాళ్ళ అవతల ఎప్పుడూ లోతుంటాది, అక్కడ కడదాం."

సారు సూపించిన సోటు ఇదే కదాని నేను. కాదక్కా, నా మాట ఇనని అది. నాకు కోపమొచ్చేసింది. అందరి ముందూ అనేశాను, "ముప్పై ఏళ్ళు సేపలు మోసినంత మాత్రాన నాచు తెలిసిపోద్దేటి? సారు సదూకున్నోడు, ఆయన మాట నాకు తెలుసు."

అది తల దించుకుని తాడు అందుకుంది. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది తల్లీ.

మొదటి ఆరు రోజులూ బెమ్మాండం! పాటుకి కూడా మోకాలి పైనే నీళ్ళు. తెప్పలు ఊగుతున్నాయి, ముక్కలు సిగుళ్ళేత్తన్నాయి. నేను ఒడ్డున సీర కుచ్చెళ్ళు దోపుకుని అటూ ఇటూ పెత్తనం సేత్తన్నాను. మీ తాతకి ఫోన్లో "నా హిందీ మీద పది ఇళ్ళు నిలబడుతున్నాయి" అని కూడా కోశాను.

అమాసనాడు మధ్యాన్నం. అన్నం తింటన్నాం. కొండమ్మ కేక ఏసుకుంటూ వొచ్చింది. పరిగెట్టి సూద్దుం కదా, సముద్రం ఎక్కడికో ఎల్లిపోయింది! తెప్పలన్నీ ఇసక మీద పడున్నాయి. పైన మండే ఎండ. నాచు అప్పటికే అంచులమ్మట తెల్లబడతంది. పది మందీ బిందెలతో నీళ్ళు తెచ్చి పోత్తన్నారు, ఎంతని పోత్తారు? బంగారమ్మ మెడ పట్టుకుని మరీ బిందె ఎత్తబోతంటే నేను లాక్కున్నాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. తెప్పలు కదపబోతే ఇసక మూటలు కూరుకుపోయి రాలేదు. మూడో రోజుకి ముక్కలు పాలిపోయి, మెత్తబడి, తాడు నుంచి ఊడిపోయాయి.

సారుకి ఫోన్ సేశాను. గట్టిగానే అడిగాను, మీరు సెప్పినట్టే సేశాం, ఇలాగెందుకయిందని. "జ్వార్ భాటా నహీ దేఖా క్యా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "దేఖా! జ్వార్ భీ రఖా, భాటా భీ రఖా, పూజా భీ కియా! ఆప్ నే భీ ఖాయా!" అన్నాను, జొన్నా పెట్టాం, వంకాయా పెట్టాం, మీరూ తిన్నారు కదాని.

అటుపక్క నుంచి మెల్లిగా అడిగాడు, "మాతాజీ... కౌన్ సా భాటా?"

"గోల్ వాలా!" అన్నాను, గుండ్రటి వంకాయే అని.

అప్పుడు సెప్పాడమ్మా. సముద్రం ఎక్కడాన్ని జ్వార్ అంటారంట. దిగడాన్ని భాటా అంటారంట. మన పోటూ పాటూనే! పాటుకి నీళ్ళు తగ్గితే ఎండిపోద్ది, అది సూసుకోకుండా కట్టొద్దని ఆయన మొదటి రోజే నెత్తీ నోరూ బాదుకున్నాడు. మన బంగారమ్మ సెప్పిందీ అదే. ఆయనకీ దానికీ ఒక్క ముక్క భాష కలవదు గానీ ఇద్దరూ ఒకటే మాట సెప్పారు. రెండు భాషలొచ్చిన నేనే మధ్యలో అడ్డం పడ్డాను.

ఫోన్ పెట్టేసి ఒడ్డున కూలబడిపోయాను. రాత్రికి రైలెక్కి పారిపోదామనిపించింది, దేవుడి తోడు. మరి దాని బతుకేటి? మళ్ళీ తట్టేనా? లేసి, పదిమందినీ పిలిసి, తప్పు నాదని సెప్పేశాను. జొన్నలు కాదు పోటు, వంకాయ కాదు పాటు, నాకు ఆ మాటలు తెలీవు, తెలీదని ఒప్పుకోడానికి నామోషీ పడ్డాను, మా సెల్లి సెప్పిందే నిజం అన్నాను.

నేను బంగారమ్మ మొకం సూడలేకపోయాను. అది కాసేపు నన్నే సూసింది. సూసి సూసి, "అందుకేనేటే అక్కా, పులుసు అంత పల్చగా పెట్టించావు!" అంది.

ఇంక సూసుకో! కొండమ్మ ఇసకలో పడి దొర్లింది. పదిమందీ కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. నేను ఏడుత్తన్నానో నవ్వుతున్నానో నాకే తెలీలేదు.

నవ్వు అయిపోయాక బంగారమ్మే లేసింది. ఆ రోజు నుంచి పెత్తనం దానిదే. ఒక తెప్ప సివర గుంటలో పడింది, అక్కడ నీళ్ళు నిలబడ్డాయి కాబట్టి ఆ పక్కనున్న నాచు బతికుంది. ముక్క ముక్కా సేత్తో నొక్కి సూశాం. గట్టిగా ఉన్నది ఉంచడం, తెల్లబడ్డది కోసి పారెయ్యడం. ఎనిమిది తెప్పల నాచుకి ఒక తెప్పకి సరిపడా మిగిలింది. రాళ్ళ అవతలకి, అది సెప్పిన సోటికే, మెడలోతు నీళ్ళలో ఈదుకుంటూ తోసుకెల్లి కట్టాం. నేనూ దిగాను! యాభై తొమ్మిదేళ్ళకి మళ్ళీ సముద్రంలో ఈదాను, సూడాల్సింది నువ్వు! సిన్నప్పటి ఈత ఎక్కడికి పోద్ది?

సారు వొచ్చాడు. ఒక్క తెప్ప సూసి తల గోక్కున్నాడు. ఇత్తనం వేరే పేటకి రాసిద్దామా అన్నట్టు మాట్లాడాడు. అప్పుడు బంగారమ్మ నన్ను పక్కన నిలబెట్టుకుని అంది, "అక్కా, నేనన్నది అన్నట్టు సెప్పు, నీ సొంతం ఏదీ కలపకు." సెప్పాను. ఈ తెప్ప కోతకొచ్చినా అమ్మం, ముక్కలు సేసి మళ్ళీ కడతాం, అవి మళ్ళీ కోసి మళ్ళీ కడతాం, కొత్త ఇత్తనం అడగం, సోటు మాత్రం మాదే ఉంచండి అని. ప్రతి మాటకీ ఆగి, సారుని తిరిగి సెప్పించుకుని, సరిగ్గా అర్థమయిందో లేదో సూసుకున్నాను. సారు ఆ రాళ్ళ అవతల నీళ్ళు సూశాడు, పాటు ఏళ సూశాడు. ఒప్పేసుకున్నాడు! ఆ పూట నాకు పండగే!

పదిహేను రోజులన్నదాన్ని అయిదు నెల్లు ఉండిపోయాను. మీ తాత సొంతంగా ఖిచిడీ వొండుకోవడం అప్పుడే నేర్సుకున్నాడు. ఒక తెప్ప మూడయింది, మూడు తొమ్మిదయ్యాయి! తెప్పల కిందకి సిన్న సిన్న సేపపిల్లలు నీడకి సేరేవి, సూత్తే ఎంత ముద్దొచ్చేవో. మొదటి అమ్మకం కోతనాడు ఒడ్డంతా నాచు ఆరేత్తే నడవడానికి సోటు లేదు. రోజూ వెక్కిరించే మగోళ్ళే వొచ్చి తిరగేసి సాయం పట్టారు. బంగారమ్మ ఒక్క తట్ట ఎత్తలేదు, ఒక్కటంటే ఒక్కటి! నీళ్ళలోనే తాడు పట్టుకుని తెప్పని ఆవుని తోలుకొచ్చినట్టు తోలుకొచ్చేసింది.

అదిగో, అప్పట్నుంచి ఆ పదిమందీ పోటూ పాటూ అనడం మానేశారు. "జొన్న ఎక్కింది, వంకాయ దిగింది" అంటారు. నన్ను ఏడిపించడానికి మొదలెట్టారు గానీ, ఇప్పుడు వాళ్ళ పిల్లలు కూడా అదే మాటంట! ఎవరైనా కొత్తోళ్ళు ఇంటే, ఈళ్ళకి పిచ్చేమో అనుకుంటారు.

నేను వొచ్చేసేటప్పుడు విశాఖ టేసన్‌కి బంగారమ్మ వొచ్చింది. ఎప్పుడూ ఎండుసేపలు ఇచ్చేది, ఆపాలి సిన్న గుడ్డ మూట ఇచ్చింది. రైలు కదిలాక ఇప్పి సూశాను. దాని సుట్టకుదురు. తట్ట కింద నెత్తి మీద పెట్టుకునేది, పాత సీరలు మెలేసి సేసింది, ముప్పై ఏళ్ళ సెమట పట్టి నల్లబడిపోయింది. కిటికీలోంచి సూశాను, అది ఉట్టి నెత్తితో నిలబడి సెయ్యి ఊపుతంది. ఒట్టి నెత్తితో నా సెల్లిని నేను ఎప్పుడు సూశాను సెప్పు? భోరుమని ఏడ్సాను. పక్క సీటావిడ "క్యా హువా దీదీ" అంటే, "భాటా ఉతర్ గయా" అన్నాను, వంకాయ దిగిందని. ఆవిడకేటి అర్థమయ్యుంటాది!

ఆ వంటింట్లో మంచినీళ్ళ కుండ కింద ఉందే, అదే అది. నువ్వు మొన్న పారేత్తానన్నావు సూడు, పాతగుడ్డని. అందుకే అరిశాను.

లే, ఇంక సదూకో పో. ఇలా రా, తల ఒంచు ఓపాలి. నీ నెత్తి మీద పూలు తప్ప ఏ బరువూ ఎక్కకుండా బతుకు తల్లీ. తెలీని మాట ఇనబడితే... ఉండుండు, ఫోన్ మోగుతంది. అదే, బంగారమ్మే! సూశావా, జొన్న ఎక్కేసినట్టుంది, ఒడ్డుకొచ్చేశారు. ఇలా ఇయ్యి, ఇలా ఇయ్యి బేగి...